ఏ ఊరు పెద్దది? సరిహద్దు పట్టణాల జనాభాను పోల్చడానికి ఏ లెక్క ఎంచుకోవాలి

2011 జనగణన ప్రకారం ఒడిశాలోని రాయగడ పురపాలక సంఘంలో సుమారు 71 వేల మంది, పర్లాకిమిడిలో సుమారు 46 వేల మంది ఉన్నారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారెవరైనా రాయగడే పెద్ద ఊరని, కొట్టుకైనా క్లినిక్కుకైనా అక్కడే గిరాకీ ఎక్కువని అనుకుంటారు. అయితే పర్లాకిమిడి పొలిమేర దాటగానే ఆంధ్ర వైపు పాతపట్నం వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఆటోలో వచ్చి, డాక్టరుకు చూపించుకుని, మందులూ బట్టలూ కొనుక్కుని, సాయంత్రానికి ఇల్లు చేరేవారు పర్లాకిమిడి పురపాలక లెక్కలో లేరు, గజపతి జిల్లా లెక్కలో లేరు, ఆ మాటకొస్తే ఒడిశా లెక్కలోనే లేరు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపున, అటు మహారాష్ట్రలో చంద్రపూర్, నాందేడ్ వైపున ఉన్న తెలుగువారికి ఈ చిక్కు తరచుగా ఎదురవుతుంది. కొట్టు ఏ ఊళ్లో పెట్టాలి, నర్సింగ్ హోమ్ ఎక్కడ తెరవాలి, పిల్లల చదువు కోసం ఏ ఊరికి మారాలి అనే ప్రశ్న వచ్చినప్పుడు ముందుగా చేతికి దొరికేది పురపాలక జనాభా అంకే. అది కాక మరో అయిదు రకాల లెక్కలు ఉన్నాయి. వాటిలో ఊరి చుట్టూ ఒక వృత్తం గీసి, ఆ పరిధిలో ఉన్న జనాన్నంతా కూడే పద్ధతి సరిహద్దు ఊళ్లకు చాలావరకు న్యాయం చేస్తుందని నా అభిప్రాయం. అయితే దాన్ని గుడ్డిగా వాడితే అది కూడా తప్పుదారి పట్టిస్తుంది.

## ముందుగా ఏమేం చూడాలి

ఏ లెక్కనైనా మొదట అడగవలసిన ప్రశ్న, అది అన్ని ఊళ్లనూ ఒకే కొలబద్దతో కొలుస్తుందా అన్నది. ఒక ఊరి పురపాలక పరిధి చుట్టుపక్కల పల్లెలను కలుపుకుని విశాలంగా ఉండి, మరో ఊరి పరిధి పాత బజారు వీధులకే పరిమితమై ఉంటే, ఆ రెండు అంకెల తేడా ఊళ్ల తేడా కాదు, గీతల తేడా. రెండోది, రాష్ట్ర సరిహద్దు దగ్గర లెక్క ఆగిపోతుందా, దాటుతుందా అన్నది. మన ప్రాంతంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మూడోది నేల స్వరూపం: సముద్రం, అడవి, ఘాటీ రోడ్డు, నది అడ్డం ఉన్నచోట కాగితం మీది దూరానికీ మనిషి నడిచే దూరానికీ పొంతన ఉండదు. నాలుగోది, ఆ లెక్కను మనంతట మనం చేయగలమా, లేక కంప్యూటర్ పటాలు తెలిసినవారి సాయం కావాలా అన్నది.

వీటితో పాటు అంతగా ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఒకటి ఉంది. లెక్కలో మన ఇష్టానికి వదిలేసిన భాగం ఎంత? వృత్తాన్ని 30 కిలోమీటర్లు తీసుకోవాలా 50 తీసుకోవాలా అన్నది మనమే తేల్చుకోవాలి కనుక, ముందే ఒక ఊరిమీద మనసు పడినవారు ఆ ఊరు గెలిచే వ్యాసార్థాన్నే ఎంచుకోవడం సులభం. ఆరు లెక్కలూ మొదటి నాలుగు ప్రశ్నలకు ఇచ్చే జవాబులు ఈ పట్టికలో ఉన్నాయి, ఒక్కో లెక్క ఏమిటో ఆ తరువాత చెబుతాను.

| లెక్క | కొలబద్ద ఒకటేనా | రాష్ట్ర సరిహద్దు దాటుతుందా | నేల స్వరూపం పట్టించుకుంటుందా | చేయడం ఎంత సులభం |
|---|---|---|---|---|
| పురపాలక పరిధి | కాదు | దాటదు | లేదు | అంకె సిద్ధంగా దొరుకుతుంది |
| పట్టణ సముదాయం | కొంతవరకు | దాటదు | కొంత | సిద్ధంగా దొరుకుతుంది |
| జిల్లా | కాదు | దాటదు | లేదు | సిద్ధంగా దొరుకుతుంది |
| వృత్తం | అవును | దాటుతుంది | మనం సరిచేసుకోవాలి | ఓపిక ఉంటే చేయవచ్చు |
| ప్రయాణ కాలం | అవును | దాటుతుంది | పూర్తిగా | కష్టం |
| గళ్ల లెక్క | అవును | దాటుతుంది | చాలావరకు | కంప్యూటర్ పని |

## పురపాలక పరిధి

ఈ అంకెకు ఉన్న ఒకే ఒక్క బలం అది అధికారికం కావడం. పన్నులు, వార్డులు, ఎన్నికలు, నీటి సరఫరా వంటి పనులకు అదే సరైనది. ఊరి పెద్దరికాన్ని తేల్చడానికి మాత్రం అది పనికిరాదు. దానికి మన తెలుగువారందరికీ తెలిసిన ఉదాహరణ హైదరాబాదే. 2001లో నగరపాలక సంస్థ జనాభా 36 లక్షలు; 2007లో చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేసిన తరువాత, 2011లో అదే అంకె 67 లక్షలు దాటింది. ఊరు పెరిగిన మాట నిజమే అయినా, ఆ పెరుగుదలలో పెద్ద భాగం గీత జరపడం వల్ల వచ్చింది.

## పట్టణ సముదాయం, జిల్లా

జనగణనవారు పట్టణ సముదాయమని చెప్పే లెక్క, అసలు ఊరితో పాటు దానికి అంటుకుని పెరిగిన శివార్లను కూడా కలుపుకుంటుంది. కాబట్టి పురపాలక అంకె కంటే ఇది మేలు. అయితే ఇది రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతుంది. అంత పెద్ద ఢిల్లీకే 2011 లెక్కలో నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాద్ కలవలేదు. ఇక పర్లాకిమిడితో పాతపట్నం కలుస్తుందని ఆశించలేము.

జిల్లా జనాభాను ఊరి జనాభాకు బదులుగా వాడేవారు కూడా కనిపిస్తారు. గంజాం జిల్లాలో 35 లక్షల మంది ఉన్నారు కనుక బరంపురానికి అంత వెనుకబలం ఉందనడం ఈ రకం వాదన. గడ్చిరోలి జిల్లాను చూస్తే ఇందులోని లోపం తెలుస్తుంది. 14,412 చదరపు కిలోమీటర్ల ఆ జిల్లాలో తెలుగువారు ఎక్కువగా ఉండే సిరొంచ దక్షిణపు కొసన, గోదావరీ ప్రాణహితల సంగమం దగ్గర ఉంది. అక్కడి నుంచి జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్లు. ఏటికి అటువైపు కాళేశ్వరం కనబడుతూనే ఉంటుంది. సిరొంచవాసి ఏ ఊరి మనిషో జిల్లా పేరు చెప్పలేదు. పైగా జిల్లాలు మారుతూ ఉంటాయి: గజపతి జిల్లా 1992లో గంజాం నుంచి విడిపోయింది, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి.

అయినా ఒక పనికి జిల్లా లెక్కే సరైనది. ప్రభుత్వ ఆసుపత్రి పడకలు, అంగన్‌వాడీ వంటివాటి కేటాయింపులు రాష్ట్రం గీత దగ్గర నిజంగానే ఆగిపోతాయి. అక్కడ గీత దాటి లెక్కపెట్టడమే పొరపాటవుతుంది.

## చుట్టూ వృత్తం గీసి లెక్కపెట్టడం

పటం మీద ఊరి నడిబొడ్డున ఒక చుక్క పెట్టి, ఎంచుకున్న వ్యాసార్థంతో వృత్తం గీసి, లోపల పడిన ప్రతి ఊరి జనాభానూ కూడడమే ఈ పద్ధతి. ఏ రాష్ట్రం, ఏ జిల్లా, పట్టణమా పల్లెనా అన్న భేదం ఇక్కడ ఉండదు. ప్రతి ఊరికీ ఒకే విస్తీర్ణం దక్కుతుంది: 10 కిలోమీటర్ల వృత్తానికి 314 చదరపు కిలోమీటర్లు, 30కి 2,827, 50కి 7,854.

గ్రామాల వారీగా కూడే ముందు, జిల్లా సగటు జనసాంద్రతతో ఒక ముతక అంచనా వేసుకోవచ్చు. మొదట చెప్పిన రెండు ఊళ్లనే తీసుకుందాం. పర్లాకిమిడి చుట్టూ 30 కిలోమీటర్ల వృత్తంలో సుమారు సగం ఒడిశాలో, సగం ఆంధ్రలో పడుతుంది. 2011లో గజపతి జిల్లా సాంద్రత చదరపు కిలోమీటరుకు 134, అప్పటి శ్రీకాకుళం జిల్లాది 463. ఒడిశా సగానికి 1.9 లక్షలు, ఆంధ్ర సగానికి 6.5 లక్షలు, మొత్తం 8.4 లక్షలు వస్తాయి. రాయగడ చుట్టూ అదే వృత్తాన్ని గీస్తే అందులో అధికభాగం సాంద్రత 137 ఉన్న రాయగడ జిల్లాలోనే ఉంటుంది కనుక, 3.9 లక్షల దగ్గర ఆగుతుంది. పురపాలక లెక్కలో వెనుకబడిన ఊరు వృత్తం లెక్కలో రెట్టింపు అయింది.

ఈ అంచనాలో ముతకదనం ఎక్కడ ఉందో చెప్పుకోవాలి. సరిహద్దున ఉన్న ఆంధ్ర మండలాల్లో కొండలు ఎక్కువ, అక్కడ జనం శ్రీకాకుళం జిల్లా సగటు కంటే పలచన. మరోవైపు పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లపు భూముల్లో జనం గజపతి జిల్లా సగటు కంటే ఒత్తుగా ఉంటారు. రాయగడ వృత్తం దక్షిణపు అంచున కూడా ఆంధ్ర కొండ గ్రామాలు కొన్ని పడతాయి. ఈ తేడాలన్నీ పర్లాకిమిడికి ప్రతికూలంగానే తీసుకుని, ఆంధ్ర వైపు సాంద్రతను 463కు బదులు 300 అనుకున్నా 6 లక్షలు దాటుతుంది. రాయగడకు ఆంధ్ర ముక్కను ధారాళంగా కలిపినా వరుస మారదు. ఎవరు ముందు అన్నది చెప్పడానికి ముతక అంచనా చాలు. ఎంత ముందు అన్నది చెప్పాలంటే మాత్రం గ్రామాల లెక్క తీయవలసిందే.

| ఊరు | పురపాలక జనాభా, 2011 | వ్యాసార్థం | వృత్తంలో నేల (చ.కి.మీ.) | వాడిన సాంద్రత | ముతక అంచనా |
|---|---|---|---|---|---|
| పర్లాకిమిడి | 46 వేలు | 30 కి.మీ. | 2,827 | సగం 134, సగం 463 | 8.4 లక్షలు |
| రాయగడ | 71 వేలు | 30 కి.మీ. | 2,827 | 137 | 3.9 లక్షలు |
| బరంపురం | 3.56 లక్షలు | 50 కి.మీ. | సుమారు 5,100 | 430 | 22 లక్షలు |
| చంద్రపూర్ | 3.20 లక్షలు | 50 కి.మీ. | 7,854 | 193 | 15 లక్షలు |
| నాందేడ్ | 5.50 లక్షలు | 50 కి.మీ. | 7,854 | 319 | 25 లక్షలు |

పెద్ద ఊళ్ల వరుసలు కూడా చూడదగినవి. బరంపురం, చంద్రపూర్ పురపాలక లెక్కలో దాదాపు సమానం. బరంపురానికి సముద్రం 12, 13 కిలోమీటర్ల దూరంలోనే ఉండడం వల్ల 50 కిలోమీటర్ల వృత్తంలో మూడో వంతుకు పైగా నీళ్లే. అంత భాగం పోయినా, మిగిలిన నేల మీద జనం ఒత్తుగా ఉండడం వల్ల బరంపురం చంద్రపూర్‌ను దాటిపోతుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఆ వృత్తంలోనివే. పెళ్లి పట్టు కోసం ఉద్దానం వారు బరంపురం వెళ్లడం కొత్త సంగతి కాదు. చంద్రపూర్ వృత్తంలోనేమో ఉత్తరాన తాడోబా పులుల అభయారణ్యం ఉంది. నాందేడ్‌కూ బరంపురానికీ మధ్య పురపాలక లెక్కలో ఒకటిన్నర రెట్ల తేడా ఉంటే, వృత్తంలో అది పదిహేను శాతానికి అటూఇటూ వచ్చేస్తుంది.

సముద్రాన్ని తీసివేయాలా, ఉంచాలా అన్నది ఇక్కడ వచ్చే సందేహం. మనుషుల సంఖ్య కావాలంటే తీసివేయనక్కరలేదు, నీళ్లలో ఎవరూ లేరు కనుక లెక్క దానంతటదే సరిపోతుంది. వృత్తంలో జనసాంద్రత ఎంత అని పోల్చేటప్పుడు మాత్రం నేల విస్తీర్ణంతోనే భాగించాలి, లేకపోతే తీరం మీది ప్రతి ఊరూ అన్యాయంగా పలచబడుతుంది.

### వ్యాసార్థం ఎంత ఉండాలి

వ్యాసార్థం అయిదు రెట్లయితే విస్తీర్ణం ఇరవై అయిదు రెట్లవుతుంది. అందువల్ల వృత్తం పెద్దదయ్యే కొద్దీ ఊరి సొంత జనాభా మొత్తంలో కరిగిపోయి, ఆ ప్రాంతం జనసాంద్రతే మిగులుతుంది. 50 కిలోమీటర్ల లెక్కలో పర్లాకిమిడి పట్టణం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. ఊరు ఎంత పెద్దదని అడిగేవారికి 5 లేదా 10 కిలోమీటర్లు, ఆ ఊరి మీద ఎందరు ఆధారపడతారని అడిగేవారికి 30 లేదా 50 తగినవి. పాలు, కూరగాయలు, ట్యూషన్ వంటి రోజువారీ అవసరాలకు మొదటిది. బంగారం, పెళ్లి బట్టలు, ఆపరేషన్ వంటి అరుదైన అవసరాలకు రెండోది.

ఒకే వ్యాసార్థంతో తీర్పు చెప్పకూడదనడానికి అంచుల దగ్గర ఉన్న ఊళ్లే కారణం. పర్లాకిమిడి నుంచి తిన్నగా గీత గీసి కొలిస్తే టెక్కలి సుమారు 25 కిలోమీటర్లు, పలాస 35, పాలకొండ 40, గుణుపురం 44. ఇవన్నీ 50 కిలోమీటర్ల వృత్తంలో పడతాయి. లక్షకు పైగా జనం ఉన్న శ్రీకాకుళం మాత్రం 57 దగ్గర ఉండి తప్పిపోతుంది. నాందేడ్‌కు పర్భణీ కూడా సరిగ్గా అలాగే, దాదాపు అంతే దూరంలో వృత్తం బయట నిలబడుతుంది. 3 లక్షలు దాటిన ఊరు అది. వ్యాసార్థాన్ని 50 నుంచి 60కి పెంచితే పర్లాకిమిడి, నాందేడ్‌ల అంకెలు ఒక్కసారిగా లేస్తాయి, చుట్టూ పల్లెలే ఉన్న ఊరి అంకె నెమ్మదిగా పెరుగుతుంది. కనుక 10, 30, 50, 60 వద్ద వచ్చిన అంకెలను వరుసగా రాసుకుని, ఎక్కడ ఎగబాకిందో చూడడం మంచిది. ఆ ఎగబాకిన చోట మరో ఊరు ఉందని, అది మన ఊరికి గిరాకీ ఇచ్చేదో, గిరాకీ లాక్కునేదో తేల్చుకోవాలని అర్థం. శ్రీకాకుళం విషయంలో జవాబు రెండోదే.

చుక్క ఎక్కడ పెట్టాలన్నది 50 కిలోమీటర్ల లెక్కలో పెద్ద విషయం కాదు. 5 కిలోమీటర్ల లెక్కలో మాత్రం బస్టాండు దగ్గర పెట్టిన చుక్కకూ రైల్వే స్టేషను దగ్గర పెట్టినదానికీ అంకెలు వేరుగా వస్తాయి. పోల్చే ఊళ్లన్నింటికీ ఒకే రకం చోటు, ఉదాహరణకు పాత బజారు కూడలి, ఎంచుకుంటే చాలు.

### వృత్తం ఎవరిది

ఈ పద్ధతిలో నాకు కనిపించే అసలు బలహీనత ఇది. చంద్రపూర్‌కు బల్లార్షా 14 కిలోమీటర్ల దూరం. బల్లార్షా చుట్టూ 50 కిలోమీటర్ల వృత్తం గీస్తే అది చంద్రపూర్ వృత్తంతో చాలావరకు కలిసిపోతుంది కనుక, 90 వేల లోపు జనాభా గల బల్లార్షా చంద్రపూర్‌తో సమానమైన ఊరుగా కనిపిస్తుంది. బల్లార్షా మాటేమిటి, చంద్రపూర్ శివారులోని ఏ చిన్న పల్లెకైనా ఇంచుమించు అదే అంకె వస్తుంది. అంటే పెద్ద వృత్తం ఊరిని కొలవడం లేదు, ఊరు ఉన్న చోటును కొలుస్తోంది. ఆ చోటును ఊరు వాడుకుంటున్నదా లేదా అన్నది వేరే చూసుకోవాలి: పెద్ద ఆసుపత్రి, హోల్‌సేల్ బజారు, కాలేజీ, రైలు ఆగే స్టేషను ఎక్కడ ఉన్నాయో అక్కడికే వృత్తంలోని జనం చేరతారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కోరాపుట్ జిల్లాలో ఉంది. జయపురంలో 84 వేలు, కోరాపుట్‌లో 47 వేలు, విమాన ఇంజిన్ల కర్మాగారం ఉన్న సునాబేడలో 50 వేలు. విడివిడిగా చూస్తే మూడూ చిన్నవే, ఏ జాబితాలోనూ పైకి రావు. జయపురం నుంచి 40 కిలోమీటర్ల వృత్తం గీస్తే మూడూ అందులో పడి, పట్టణ జనాభాయే 1.8 లక్షలు దాటుతుంది. అయితే ఈ మూడు ఊళ్లకూ విడివిడిగా వృత్తాలు గీసి, వచ్చిన అంకెలను కూడితే ఒకే మనిషిని మూడుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. వృత్తాలను పోల్చవచ్చు గాని కూడకూడదు.

## ప్రయాణ కాలం

జయపురం, కోరాపుట్‌ల మధ్య తిన్నగా కొలిస్తే 16 కిలోమీటర్లే అయినా మధ్యలో ఘాటీ రోడ్డు ఉంది. బరంపురం నుంచి ఇచ్ఛాపురం 23 కిలోమీటర్లు ఉన్నా జాతీయ రహదారీ, హౌరా–చెన్నై రైలు మార్గమూ రెండూ ఉన్నాయి. వృత్తం ఈ తేడాను గుర్తించదు. గంటలో ఊరు చేరగలిగినవారు ఎందరు అన్న లెక్క గుర్తిస్తుంది, అందుకే ఆసుపత్రి పెట్టేవారికి ఇంతకు మించిన కొలత లేదు.

మల్కన్‌గిరి జిల్లాలో దీన్ని కళ్లారా చూడవచ్చు. బలిమెల జలాశయం వల్ల మూడు వైపులా నీళ్లతో తెగిపోయిన 151 గ్రామాలు ఎన్నో ఏళ్లు లాంచీల మీదే ఆధారపడ్డాయి. 2018 జూలైలో 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరుచుకుంది. ఆ జలాశయం దగ్గరి ఊరైన చిత్రకొండ చుట్టూ గీసిన వృత్తంలో ఆ గ్రామస్థులు వంతెనకు ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు, అంకె మారలేదు. ప్రయాణ కాలం లెక్కలో అయితే వారు వంతెనతోనే వచ్చి చేరారు.

ఈ లెక్క చేయడం మాత్రం కష్టమే. రోడ్లు, బస్సుల వేళలు, వానాకాలంలో తెగిపోయే కాజ్‌వేలు అన్నీ చూసుకోవాలి. సొంత బండి ఉన్నవారికీ బస్సు మీద వచ్చేవారికీ జవాబులు వేరు. పూర్తిగా చేయలేనివారు మధ్యేమార్గంగా మొదట వృత్తం గీసి, అందులో ఘాటీ అవతల, వంతెన లేని ఏటి అవతల ఉన్న గ్రామాలను పెన్సిలుతో కొట్టివేస్తే సరిపోతుంది.

## గళ్ల లెక్క

ఉపగ్రహ చిత్రాల్లో ఇళ్లు కనిపించే తీరును బట్టి జనగణన అంకెలను చిన్న చిన్న గళ్లలోకి పంచిన పటాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారి వరల్డ్‌పాప్, యూరోపియన్ కమిషన్ వారి గళ్ల పటం వీటిలో ప్రసిద్ధమైనవి. 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన పద్ధతిలో, చదరపు కిలోమీటరుకు 1,500 మందికి తగ్గని గళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండి, మొత్తం 50 వేలకు చేరితే దాన్ని నగరంగా లెక్కిస్తారు. రాష్ట్రం గీత ఈ గళ్లకు తెలియదు కనుక, సరిహద్దుకు ఇరువైపులా ఇళ్లు ఒత్తుగా అల్లుకుపోయిన చోట రెండు ఊళ్లు ఒకటిగా తేలుతాయి. ఊరు అనే మాటకు ఇంత నిష్పాక్షికమైన కొలత మరొకటి లేదు. అయితే మన దేశానికి ఈ గళ్ల అడుగున ఉన్నది 2011 జనగణనే అన్న సంగతి మరవకూడదు. గడి ఎంత చిన్నదైనా అంకె కొత్తదైపోదు. కొండల్లో విసిరేసినట్టుండే చిన్న గూడేల విషయంలో పొరపాట్లు ఎక్కువ.

## ఎవరికి ఏది తగును

చిల్లర కొట్టు పెట్టేవారు పురపాలక అంకెనూ 10 కిలోమీటర్ల వృత్తాన్నీ కలిపి చూసుకోవాలి. వారానికోసారి సంత జరిగే ఊరైతే 30 కూడా చూడాలి, ఎందుకంటే సంత రోజు వచ్చే జనం మామూలు రోజు జనం కాదు.

డీలర్‌షిప్ తీసుకునేవారికి వృత్తం అంకె ఆశ పుట్టించి మోసం చేస్తుంది. కంపెనీలు డీలర్ల హద్దులను సాధారణంగా రాష్ట్రాల వారీగా గీస్తాయి కనుక, పర్లాకిమిడి డీలరుకు పాతపట్నం దుకాణాలు కళ్లెదుట ఉన్నా సరుకు వేసే హక్కు ఉండకపోవచ్చు. వీరు వృత్తాన్ని రాష్ట్రం గీత దగ్గర కోసి, తమ వైపు ముక్కనే లెక్కపెట్టుకోవాలి. పర్లాకిమిడికి ఆ ముక్క 1.9 లక్షలే, అప్పుడు రాయగడ మళ్లీ ముందుకు వస్తుంది. ఒకే ఊరు, ఒకే వృత్తం, వ్యాపారం మారితే జవాబు తిరగబడింది.

స్పెషలిస్టు డాక్టర్లు ప్రయాణ కాలాన్నే నమ్ముకోవడం మంచిది. రోగి రాష్ట్రం చూసుకుని రాడు, బస్సు చూసుకుని వస్తాడు. అయితే ప్రభుత్వ ఆరోగ్య పథకాల కార్డు మీద వైద్యం చేయాలనుకుంటే ఏ రాష్ట్రం కార్డు ఎక్కడ చెల్లుతుందో ముందు కనుక్కోవాలి.

బడి, కోచింగ్ సెంటర్ నడిపేవారికి మనిషి లెక్కతో పాటు భాష లెక్క కూడా కావాలి. బరంపురం వృత్తంలోని 22 లక్షల్లో తెలుగు మీడియం పుస్తకం చదవగలవారు ఎందరన్నది వేరే ప్రశ్న. జనగణన మాతృభాష వివరాలను విడిగా ఇస్తుంది గాని, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా, మరాఠీ చదివిన పిల్లలు ఆ అంకెలో కలిసే ఉంటారు.

కాపురం మార్చేవారు 5 కిలోమీటర్ల వృత్తం, 50 కిలోమీటర్ల వృత్తం రెండూ చూడాలి. మొదటిది రద్దీ ఎంతో, రెండోది ఆ ఊళ్లో ఏమేం దొరుకుతాయో సూచిస్తుంది. మొదటిది తక్కువగా, రెండోది ఎక్కువగా ఉన్న ఊరు ప్రశాంతంగా బతకాలనుకునేవారికి అనుకూలం. పర్లాకిమిడి ఈ కోవలోకి వస్తుందని నా లెక్క.

ఊరికే ఏ ఊరు పెద్దదో వాదించుకునేవారు ముందుగా వ్యాసార్థం మీద రాజీపడి, ఆ తరువాత లెక్క మొదలుపెడితే స్నేహాలు నిలుస్తాయి.

## ఇంట్లో కూర్చుని చేయాలంటే

2011 జనగణనలో ప్రతి గ్రామానికీ ఆరంకెల గుర్తింపు సంఖ్య ఉంది. గ్రామాల వారీ జనాభా పట్టికలు జనగణన శాఖ ఉచితంగా ఇస్తుంది; రాష్ట్రాల సంఖ్యల్లో ఒడిశా 21, మహారాష్ట్ర 27, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 28. సరిహద్దు ఊరికి తప్పనిసరిగా రెండు రాష్ట్రాల పట్టికలూ తెరవాలి. గ్రామాలను పేరుతో కాక ఈ సంఖ్యతోనే పట్టుకోవాలి. ఒకే పేరున్న పల్లెలు ఒక్కో జిల్లాలో పలుచోట్ల ఉంటాయి, పైగా ఒడియా, మరాఠీ ఉచ్చారణ ప్రకారం ఇంగ్లీషులో రాసిన మన ఊరి పేరు మనకే అందదు. 2016లో తెలంగాణలోనూ, 2022లో ఆంధ్రలోనూ జిల్లాలు మారాయి గనుక కొత్త జిల్లా పేరుతో వెతికితే 2011 పట్టికలో దొరకదు. పార్వతీపురం మన్యం గ్రామాలను పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కింద చూడాలి.

ఫోనులోని పటంలో ఊరి కూడలి నుంచి గ్రామానికి దూరం కొలిచి, వ్యాసార్థం లోపల ఉన్నవాటిని ఒక పట్టికలో దించుకోవాలి. అందులో గుర్తింపు సంఖ్య, పేరు, రాష్ట్రం, దూరం, బస్సులో పట్టే సమయం, జనాభా అనే నిలువు వరుసలు ఉంటే పై లెక్కల్లో మూడింటిని ఆ ఒక్క పట్టిక నుంచే తీయవచ్చు. వృత్తం గీత మీద పడిన గ్రామాన్ని ఊరి మధ్య బిందువు ఎటు ఉంటే అటు వేస్తే సరిపోతుంది, సగం సగం చేయనక్కరలేదు.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని ఇప్పుడు జరుగుతోంది. ఆ అంకెలు వచ్చేవరకు 2011వే గతి. అవి వచ్చాక జనాభా వరుస ఒక్కటి మార్చుకుంటే పట్టిక మళ్లీ పనికివస్తుంది. ఈ మధ్య కాలంలో పురపాలక సంఘాల్లో కలిసిపోయిన పల్లెలను మాత్రం ముందే గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే అవి ఒకసారి పల్లెగా, మరోసారి పట్టణంలో వార్డుగా రెండుసార్లు లెక్కకు వస్తాయి.